డబ్బు లేదు, వాక్యం చెప్పడం రాదు, మరి క్రీస్తు ప్రేమ ఎలా చూపించాలి అని అడిగిన బాబుకి

వందనాలు బాబూ. నీ ప్రశ్న నిదానంగా చదివాను. బాప్తిస్మం తీసుకుని ఏడాది అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం, పాస్టర్ గారేమో మీ ప్రేమ మీ చుట్టుపక్కల వాళ్ళకి కనపడాలి అన్నారు, నీకు నలుగురిలో నిలబడి వాక్యం చెప్పడం రాదు, జీతం అంతా ఈఎంఐకీ ఇంటికీ సరిపోతోంది, పోనీ ఏదన్నా సాయం చేద్దామంటే మతం మార్చడానికి వచ్చాడు అనుకుంటారేమో అని భయం. పైగా మీ అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ అంకుల్‌కి పక్షవాతం వచ్చి హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చారు, పిల్లలు అమెరికాలో, ఆంటీ ఒక్కరే చూసుకుంటున్నారు, వాళ్ళు బాగా పూజలు చేసుకునే కుటుంబం, వెళ్ళాలా వద్దా అన్నావు. నేను మిషన్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయిన దాన్ని, ఇప్పుడు మా సంఘంలో స్త్రీల సమాజం తరఫున జబ్బు చేసినవాళ్ళ ఇళ్ళకి వెళ్తూ ఉంటాను. నా కొడుకు వయసు వాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు.

వెళ్ళు. ముందు ఆ ఒక్క మాట చెప్పేస్తున్నా, మిగతాదంతా ఎలా వెళ్ళాలి అన్నదే.

పళ్ళ కవర్ పట్టుకెళ్ళి సోఫాలో కూర్చుని ఎలా జరిగింది ఆంటీ అని మొత్తం చెప్పించుకుని రావడం కాదు, ఆ కథ ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఈపాటికే అలిసిపోయి ఉంటుంది. పక్షవాతం మనిషి ఇంట్లో ఉంటే అసలు కష్టం ఎక్కడుంటుందో చెప్తా విను. కదలకుండా ఒకే వైపు పడుకుంటే నడుం కింద ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడి పుండు పడుతుంది, బెడ్‌సోర్ అంటాం, అది లోతుగా పడిందంటే మానడానికి నెలలు పడుతుంది. అందుకే రెండు గంటలకొకసారి పక్క మార్చాలంటారు, రాత్రి కూడా. ఆ వయసు ఆవిడ అంత మనిషిని అర్ధరాత్రి పూట ఒక్కతే ఎలా తిప్పుతుంది చెప్పు? రెండో మనిషి కావాలి, ఆ రెండో మనిషివి నువ్వు. ఒక పాత దుప్పటి మడతపెట్టి ఆయన భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా వీపు కింద పరిచి, ఇటొకరు అటొకరు ఆ దుప్పటి అంచులు పిడికిట్లోకి చుట్టి దగ్గరగా పట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని ఇద్దరూ ఒకేసారి ఎత్తి జరపాలి, ఈడవకూడదు, ఈడిస్తే చర్మం పక్కకి రాసుకుని లేచిపోతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు, భుజం కీలు జారుతుంది, చాలా ఇళ్ళల్లో తెలియక ప్రేమగానే లాగేస్తుంటారు. తిండి పెట్టేటప్పుడు దిళ్ళు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి వంచి, చిన్న స్పూన్‌తో, నోరు బాగున్న వైపు నుంచి పెట్టాలి, ఒకటి మింగారో లేదో చూసి రెండోది, తిన్నాక ఓ అరగంట అలాగే కూర్చోనివ్వాలి. పొలమారి దగ్గు వస్తుంటే ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి, కొందరికి పల్చటి మంచినీళ్ళే ఎక్కువ పొలమారతాయి. డిశ్చార్జ్ అప్పుడు ఫిజియోథెరపీ వాళ్ళు ఆంటీకి ఇంకేమన్నా చెప్పి ఉంటే వాళ్ళు చెప్పిందే చెయ్యి, నాది కాదు.

ఇదంతా ఎందుకు రాశానంటే ప్రేమ అంటే మనసులో జాలిపడటం అనుకుంటాం, జాలి అందరికీ ఉంటుంది బాబూ, ఎదుటి మనిషిని ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడం కూడా ప్రేమే. మంచి సమరయుడి కథలో చూడు, అతను అయ్యో అని ఆగిపోలేదు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు, రెండు దేనారాలు, అంటే ఆ కాలపు నాణేలు, ఇచ్చి ఇంకా ఖర్చైతే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అన్నీ చేత్తో చేసే పనులే. తిరిగి వస్తానన్న ఆ మాట చూశావా, అది నాకు చాలా ఇష్టం.

ఇంకోటి, నీకు తోచింది చెయ్యకు, అడిగి చెయ్యి. బర్తిమయి గుడ్డివాడని అక్కడున్న అందరికీ కనపడుతూనే ఉంది, అయినా యేసయ్య నీకేం చెయ్యమంటావు అని అడిగాడు. ఆంటీని కూడా అలాగే అడుగు, ఏమన్నా కావాలంటే చెప్పండి ఆంటీ అని మాత్రం అనకు, ఆ మాటకి ఎవరైనా ఏం వద్దులే నాన్నా అనే అంటారు. రాత్రి పదకొండింటికి అంకుల్‌ని పక్క మార్చడానికి రానా, ఆదివారం సాయంత్రం రెండు గంటలు నేను కూర్చుంటా మీరు పడుకుంటారా, మందులు తెచ్చి పెట్టనా, ఇలా పేరు పెట్టి అడుగు, అప్పుడు ఆవిడకి ఔననడం తేలికవుతుంది. ఒకవేళ నువ్వు కూర్చున్న ఆ రెండు గంటలూ ఆవిడ గుడికి వెళ్ళొస్తా అంటే సంతోషంగా వెళ్ళి రమ్మను. నువ్వు మోయగలిగినంతే ఒప్పుకో. వారానికి రెండు రాత్రులు అని చెప్పి మానకుండా వెళ్ళడం మంచిది, మొదటి వారం రోజూ వెళ్ళి తర్వాత కనపడకుండా పోయావనుకో, ఆవిడకి ముందుకన్నా ఎక్కువ కష్టం.

ఇప్పుడు నీ భయం సంగతి. మతం మార్చడానికి వచ్చాడు అనుకుంటారేమో అన్నావు. అనుకోవచ్చు. నువ్వు కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, చేసే పనిలో గాలం లేకుండా చూసుకో, చాలు. మంచం పక్కన నిలబడి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టడం, దిండు కింద కరపత్రం పెట్టి రావడం, జబ్బుగా ఉన్న మనిషితో నమ్మితే బాగైపోతారు అనడం, ఇవి చెయ్యొద్దు, లేవలేని మనిషి మన మాట వద్దనుకున్నా లేచి వెళ్ళలేడు కదా. నీ గదిలో మోకాళ్ళ మీద ఆయన పేరు పెట్టి ఎంతసేపైనా ప్రార్థన చేసుకో, ఎవరూ వద్దనరు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే, ఎందుకు బాబూ ఇంత చేస్తున్నావు అంటే, అప్పుడు సూటిగా చెప్పు దాచకుండా. అడిగిన వాళ్ళకి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమనే కదా పేతురు రాసింది.

ఈ విషయంలో మన ఒంగోలు చరిత్ర నీకు తెలిసి ఉండాలి. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువొచ్చింది, అప్పుడు అక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లాఫ్ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని ఇచ్చాడు, కూలి డబ్బులతో తిండి తినేలా. ఆ సమయంలో ఎంతోమంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అని వస్తే ఇవ్వలేదు, కరువు సాయం నడిచినంత కాలం ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ళు కూడా తిండి కోసం అలా అడగకూడదని. కరువు సాయం ఆగిపోయి ఇక ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జనం ఆ అంకె గురించే గొప్పగా చెప్పుకుంటారు, నాకు మాత్రం అంతకుముందు ఆ మనిషి అన్నం ఒక చేత్తో ఇస్తూ రెండో చేత్తో బాప్తిస్మం ఇవ్వను అన్నాడు చూడు, అదే గొప్పగా అనిపిస్తుంది. మన సాయం తీసుకున్నవాళ్ళు మనకి ఏమీ బాకీ పడకూడదు, చర్చికి రావాలన్న బాకీ కూడా.

ఇక డబ్బు లేదన్నావు కదా. డబ్బు లేకపోవడం ఒక రకంగా మంచిదే అంటాను నేను, ఎందుకంటే డబ్బున్నవాళ్ళం ఇచ్చేసి వచ్చేస్తాం, మనిషి దగ్గర కూర్చోము. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగింది, అందులో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మాట్లాడారు, తర్వాత 1912లో మన దోర్నకల్‌కి బిషప్ అయింది ఆయనే, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. అంతమంది తెల్లదొరల ముందు నిలబడి ఆయన అన్నదాని సారాంశం ఏంటంటే, మీరు పేదలకి మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలే ధారపోశారు, దానికి ఎప్పటికీ కృతజ్ఞులం, కానీ మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. మిషనరీలు ఇక్కడి క్రైస్తవులతో కలిసి భోజనానికి కూర్చోవడం అరుదైన ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! ఆ సభలో కొందరికి కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు అదే మాట మనం మనకి చెప్పుకోవాలి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి క్రిస్మస్‌కి కేక్ ముక్క ఇచ్చి ఉంటావు, మరి ఆయన పేరేంటి, ఏ ఊరి నుంచి వచ్చాడు, పిల్లలు ఏ క్లాసు, ఇవి తెలుసా? వాళ్ళ గదికి వెళ్ళి వాళ్ళు ఇచ్చిన టీ తాగావా? ఇవ్వడం ఒక్కటే మనకి అలవాటు, వాళ్ళ చేతిది పుచ్చుకోవడం రాదు, పుచ్చుకున్నప్పుడే ఇద్దరూ సమానం అవుతారు. నేను ఇళ్ళకి వెళ్ళినప్పుడు వాళ్ళు ఇచ్చింది తాగకుండా రాను, షుగర్ ఉందమ్మా చక్కెర వెయ్యొద్దు అంటా, అంతే. ఇది రాస్తూ మన సంఘాల్లో ఉన్న కులం గురించి రాయకపోతే తప్పు. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటాం, బయటికొచ్చాక ఫలానా వాళ్ళ ఇంట్లో అన్నం తినం, ఫలానా వాళ్ళ పిల్లని చేసుకోం, కొన్ని చోట్ల సమాధులు కూడా వేరు. ప్రేమ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ఇది మారకపోతే బయటివాళ్ళు మనల్ని ఎందుకు నమ్మాలి? నీకు ఆదివారం ఖాళీ ఉంటే మీ సంఘంలో అందరూ కొంచెం దూరంగా పెట్టే ఇల్లు ఏదో చూసుకుని వాళ్ళింటికి భోజనానికి వెళ్ళు, వాళ్ళని మీ రూమ్‌కి పిలువు.

పనమ్మాయి విషయం కూడా అడిగావు, రూమ్‌మేట్స్ అందరూ కలిసి జీతం ఇస్తాం, ఒక్కోసారి లేట్ అవుతుంది అని. ఆపెయ్యి ఆ లేట్. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండంలో ఎంత కచ్చితంగా ఉందో చదువు, యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో అయితే బిగపట్టిన కూలి మొర పెడుతోంది అని ఉంటుంది. ఒకటో తారీఖు పొద్దున ఆవిడ అడక్కముందే చేతిలో పెట్టు, జ్వరమొచ్చి రాకపోతే కోయొద్దు, మీరు తినే కంచంలోనే ఆవిడకీ పెట్టండి, రాత్రి మిగిలి ఉదయానికి పాడయ్యేది చేతిలో పెట్టి పుణ్యం చేశాం అనుకోవద్దు. ఇది దానం కాదు, ఆవిడ హక్కు, దీని తర్వాతే ప్రేమ సంగతి.

ప్రసాదం ఇస్తే ఏం చెయ్యాలి అని నీ డౌట్. దీని మీద విశ్వాసుల్లో రకరకాలుగా ఉంది, పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక ఎనిమిది, పది అధ్యాయాలు చదివి మీ పాస్టర్ గారితో మాట్లాడు, నీ మనస్సాక్షికి తగ్గట్టు ఉండు. నా పద్ధతి చెప్తా. నేను తీసుకోను, కానీ ముఖం చిట్లించను, వెనక్కి జరగను. అమ్మా, పూజలో పెట్టింది నేను తీసుకోనండి, ఏమీ అనుకోకండి, మీ చేతి పులిహోర మామూలు రోజు చేసినప్పుడు మాత్రం నన్ను మర్చిపోకండి అంటా. మా పక్కింటావిడ అప్పటినుంచి దేవుడి దగ్గర పెట్టకముందే ఒక గిన్నె తీసి నాకు పక్కన పెట్టేది. కాదనడంలో కూడా ప్రేమ ఉండొచ్చు, అదంతా మనం మాట్లాడే తీరులో ఉంటుంది. వాట్సాప్‌లో ఇతర దేవుళ్ళ మీద జోకులు, తిట్లు ఫార్వర్డ్ చేసేవాళ్ళు గ్రూపుల్లో ఉంటారు, అవి నువ్వు పంపకు, వీలైతే వద్దని చెప్పు.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది, ప్రేయర్ రిక్వెస్ట్ రాగానే చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి స్క్రోల్ చేసేస్తాం. చలి కాచుకోండి, తృప్తి పొందండి అని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏం ప్రయోజనం అని యాకోబు అడిగింది సరిగ్గా దీన్నే. ఎవరైనా మా నాన్నకి ఆపరేషన్ అని పెడితే ప్రార్థన చెయ్యి, చేశాక ఒక ఫోన్ చెయ్యి, ఏ హాస్పిటల్, రక్తం కావాలా, తోడు ఎవరున్నారు అని. నువ్వు కుర్రాడివి, మగవాళ్ళు మూడు నెలలకొకసారి రక్తం ఇవ్వొచ్చు, బరువు కనీసం నలభై అయిదు కేజీలు, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటే చాలు. ఊరి నుంచి వచ్చినవాళ్ళైతే పెద్ద హాస్పిటల్లో ఏ కౌంటర్ ఎక్కడుందో తెలియక సగం ప్రాణం అక్కడే పోతుంది. ఆరోగ్యశ్రీ ఉన్న హాస్పిటల్ అయితే ఆరోగ్యమిత్ర అని కూర్చుని ఉంటారు, రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని వాళ్ళ దగ్గరికి నువ్వు వెంట వెళ్ళు. నీకు ఇంగ్లీష్ వచ్చు, ఫారాలు నింపడం వచ్చు, ఆఫీసులో రోజూ చేసేదే, ఆ పూట వాళ్ళకి అదే పెద్ద సాయం.

చావు జరిగిన ఇంటికి అందరూ మొదటి రోజు వస్తారు, జ్ఞాపకార్థ కూడిక దాకా ఇల్లు నిండుగా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కరూ ఉండరు. నువ్వు రెండో నెలలో వెళ్ళు. భర్త పోయిన ఆవిడకి అప్పుడే బ్యాంకు, పెన్షను, కరెంటు మీటరు పేరు మార్పు ఇవన్నీ మీద పడతాయి. మరణం ఇరవై ఒక్క రోజుల్లోగా రిజిస్టర్ చేయిస్తే లేట్ ఫీజు లేకుండా అయిపోతుంది, అది మాత్రం ముందే చూసుకోవాలి. పోయినవాళ్ళ గురించి ఆవిడ మాట్లాడితే మాట మార్చొద్దు, విను. అంతా దేవుని చిత్తం అక్కా అని తొందరపడి అనొద్దు, నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, లాజరు సమాధి దగ్గర యేసయ్య కూడా ముందు ఏడ్చాడు.

ఒకటి గట్టిగా చెప్పాలి. మీ యూత్‌లో గానీ సంఘంలో గానీ ఎవరైనా అమ్మాయి నా భర్త కొడుతున్నాడు అని చెప్తే, ప్రేమ అన్నిటినీ ఓర్చును అని వాక్యం చూపించి వెనక్కి పంపే పెద్దలు ఉన్నారు. అది ప్రేమ కాదు. పౌలు ఆ మాట రాసింది దెబ్బలు తినమని కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్, వెంటనే ప్రమాదం ఉంటే 112, ఆ నంబర్లు ఇప్పించి ఆమెకి నమ్మకమైన అక్క ఎవరినైనా తోడు పంపించు. అలాగే రోజూ తాగడానికి అప్పు అడిగే మనిషి చేతికి డబ్బు ఇవ్వకు, వాళ్ళింట్లో బియ్యం ఉన్నాయో లేదో చూసి అవి కొనిపెట్టు.

ఆఫీసు గురించి పెద్దగా చెప్పను, అది నాకన్నా నీకే బాగా తెలుసు. ఒక్కటి మాత్రం, మా వార్డులో దసరాకి, దీపావళికి, రంజాన్‌కి మేము క్రైస్తవ నర్సులం డ్యూటీ వేయించుకునేవాళ్ళం, క్రిస్మస్‌కి వాళ్ళు మాకోసం చేసేవాళ్ళు. మీ టీమ్‌లో పండగ షిఫ్ట్ పడితే నువ్వే ముందుగా చెయ్యెత్తు.

చివర్లో అడిగావు, క్రిస్మస్‌కి మా యూత్ వాళ్ళు గవర్నమెంట్ ఆసుపత్రిలో రొట్టెలు, పళ్ళు పంచుదాం అంటున్నారు, వెళ్ళనా అని. వెళ్ళండి, కానీ బ్యానర్ పట్టుకుని రోగి చేతిలో అరటిపండు పెట్టి ఫోటో తీసే పని వద్దు, ఆ మనిషి జుట్టు రేగి, ఒంటి మీద సరిగ్గా బట్ట లేని స్థితిలో ఉంటాడు, ఆ ఫోటో వాళ్ళ ఊళ్ళో ఎవరో చూస్తారు. ఎడమచెయ్యికి తెలియకూడదన్న మాట ఫోన్ కెమెరాకీ వర్తిస్తుంది. ఇంకో సంగతి, షుగర్ ఉన్నవాళ్ళకి, ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచినవాళ్ళకి మనం వెళ్ళి పళ్ళు తినిపిస్తే వాళ్ళకే ప్రమాదం, మా సిస్టర్లం వెనకాలే పరుగెత్తి లాక్కోవాల్సి వచ్చేది. అందుకే రెండు రోజుల ముందు మీలో ఒకరో ఇద్దరో వెళ్ళి వార్డు సిస్టర్‌ని కలిసి ఏం కావాలో అడగండి. నన్నడిగితే డిసెంబర్‌లో రోగి కన్నా రోగి వెంట వచ్చినవాళ్ళకి ఎక్కువ అవసరం, వరండాలో చాప మీద, ఒక్కోసారి ఉత్త నేల మీద పడుకుంటారు. రొట్టెల డబ్బుతో మందంగా ఉండే దుప్పట్లు కొనండి, తువ్వాళ్ళు, సబ్బులు, వేడినీళ్ళకి ఒకట్రెండు ఫ్లాస్కులు కూడా. ఇచ్చాక వెంటనే బస్ ఎక్కకుండా తలా ఒక మంచం దగ్గర కాసేపు ఉండండి, ఆ వెంట ఉన్నవాళ్ళు వెళ్ళి స్నానం చేసి అన్నం తిని వచ్చేదాకా.